రిసార్ట్‌లో ఏటీవీ బోల్తా: సంతకం మరిదిది, విరిగిన మోకాలు వదినది

బెంగళూరు చుట్టుపక్కల రిసార్టుల్లో ఏటీవీ (మట్టిలో, గుట్టల్లో తిప్పే నాలుగు చక్రాల బండి) ఎక్కి దెబ్బలు తగిలించుకున్నవాళ్లు మా లాయర్ ఆఫీసుకు వస్తే మొదట అనే మాట దాదాపు ఒకటే: "సార్, ఏం జరిగినా బాధ్యత మాదే అని ముందే కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు, ఇంక కేసు నిలబడదంట కదా." ఆ కాగితం గురించి పడే భయంలో పావు వంతు ఆసుపత్రి కేస్ షీట్ గురించి పడితే నా పని సగం తగ్గేది. సంతకం పెట్టిన కేసులు గెలవొచ్చు. మొదటి వారంలో సాక్ష్యం పోగొట్టుకున్న కేసుల్ని మాత్రం ఎంత పెద్ద లాయరు వచ్చినా లేపలేడు. ఈ కేసు రాయడానికి కారణం అదే. ఆవిడ అనుమతితోనే రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు మార్చాను.

క్లయింటు కదిరి వైపు నుంచి వచ్చి మారతహళ్లిలో కర్రీ పాయింట్ నడుపుతున్న ముప్ఫై నాలుగేళ్ల మహిళ. మరిది పనిచేసే కంపెనీ వాళ్లు ఫ్యామిలీ డే అని నంది హిల్స్ వైపు ఒక రిసార్టుకు అందర్నీ తీసుకెళ్లారు. ప్యాకేజీ డబ్బు కంపెనీ కట్టింది, ఏటీవీకి మాత్రం విడిగా మనిషికి ఆరు వందలు. నాకు స్కూటీ కూడా రాదు బాబూ అని ఆవిడ పక్కకి జరిగితే, అక్కడ పనిచేసే కుర్రాడు "నేను నడుపుతాను అక్కా, మీరు వెనక కూర్చోండి చాలు" అన్నాడు. మొదటి రౌండు బాగానే అయింది. రెండో రౌండులో, దుమ్ము లేవకుండా ట్యాంకరుతో నీళ్లు కొట్టిన ఏటవాలు మీద అడ్డంగా తిప్పబోయేసరికి పైవైపు చక్రం మట్టిగట్టు ఎక్కింది, బండి పల్లంవైపు పల్టీ కొట్టింది. కుర్రాడు దూకేశాడు. ఆవిడ కుడి మోకాలు బండి కింద ఇరుక్కుంది. టిబియల్ ప్లాటో ఫ్రాక్చర్, అంటే మోకాలి కీలుకు ఆధారంగా ఉండే ఎముక పైభాగమే పగిలింది. ప్లేటు, స్క్రూలు వేశారు. కాలర్ బోన్ కూడా విరిగింది కానీ అది తనంతట తాను అతుక్కుంది.

ఈ బండి గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే కేసంతా దాని మీదే నిలబడింది. ఏటీవీకి నాలుగు చక్రాలున్నాయి కాబట్టి బైకు కంటే సేఫ్ అని జనం అనుకుంటారు. దాని ఎత్తుతో పోలిస్తే వెడల్పు తక్కువ, ముందు వెనక చక్రాల మధ్య దూరం తక్కువ, ఇంజన్ బరువంతా పైకి ఉంటుంది. టైర్లలో గాలి చాలా తక్కువ పెడతారు, కారు టైరుకు ముప్ఫై పీఎస్ఐ దాకా కొడితే వీటికి పదిలోపే. మలుపులోనో వాలు మీదో నడిపేవాడు తన ఒంటిని ఎత్తువైపు వంచి బండిని ఆపుకోవాలి, సీటు పొడుగ్గా ఉండేది అలా జరగడానికే. ఆ పొడుగు చూసి ఇద్దరు కూర్చోవచ్చని అనుకుంటాం. వెనక ఒక మనిషి కూర్చుంటే నడిపేవాడికి కదిలే చోటు పోతుంది, బరువు వెనక్కీ పైకీ చేరుతుంది, ఇక ఏటవాలు మీద ఆ బండి ఎటు ఒరిగితే అటే. రెండు వందల కిలోల పైచిలుకు ఇనుము మీద పడితే హెల్మెట్ ఏం చేస్తుంది? పైగా ఆ రోజు ఆవిడకు హెల్మెట్ కూడా ఇవ్వలేదు.

ఆవిడ భర్త మా దగ్గరికి వచ్చేసరికి ఆపరేషన్ అయి ఇంకా డిశ్చార్జి కాలేదు. నేను మొదట అడిగింది సంతకం కాగితం కాదు, క్యాజువాలిటీలో రాసిన హిస్టరీ, అంటే దెబ్బ ఎలా తగిలిందని రాసుకున్న లైను. యాక్సిడెంట్ కేసులు చేసేవాళ్లకి ఆ ఒక్క లైను విలువ తెలుసు. అందులో ఏముందంటే, "బైక్ స్కిడ్ అయి పడ్డారు". ఏటీవీ లేదు, రిసార్ట్ లేదు, బోల్తా లేదు. రేపు రిసార్ట్ వాళ్లు ఆ లైను చూపించి, ఇంటికి వెళ్తూ దారిలో బైకు మీంచి పడి ఇక్కడికొచ్చి మా పేరు చెబుతున్నారంటే ఏం చెప్పాలి?

ఆసుపత్రి రికార్డు దిద్దమని అడగడం తప్పు, దిద్దితే ఇంకా పెద్ద తప్పు. కానీ రికార్డు మొత్తం తీసుకోవడం మన హక్కు. డాక్టర్ల ప్రవర్తనా నియమావళి 2002 ప్రకారం రోగి అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. రాతపూర్వకంగా అడిగి, అందినట్టు సీలు వేయించుకుని, డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటే కాకుండా క్యాజువాలిటీ షీటు, ఎంఎల్‌సీ (పోలీసులకు చెప్పాల్సిన మెడికో లీగల్ కేసుల) రిజిస్టర్ కాపీ, నర్సుల నోట్స్ అన్నీ తెప్పించాం. ఎంఎల్‌సీ రిజిస్టర్‌లో "తీసుకొచ్చినవారు" అనే గడి ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. అందులో రిసార్ట్ సూపర్‌వైజర్ పేరు, ఫోన్ నంబరు ఉన్నాయి. బైక్ స్కిడ్ అని చెప్పి రాయించింది కూడా అతనే. మరుసటి రోజు ఎముకల డాక్టరు రౌండ్స్‌లో ఆవిడను అడిగి రాసుకున్న నోట్‌లో "ఏటీవీ బోల్తా, కాలు కింద చిక్కుకుంది" అని స్పష్టంగా ఉంది. దాంతో మాకు ఎదురుగా నిలబడాల్సిన లైను వాళ్ల మెడకే చుట్టుకుంది. దారిలో బైకు మీంచి పడ్డ మనిషిని రిసార్ట్ సూపర్‌వైజర్ రిసార్ట్ కారులో ఎందుకు తీసుకొస్తాడు, అబద్ధం ఎందుకు చెబుతాడు? క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఇంతకంటే ఎక్కువ అడగక్కర్లేకపోయింది.

రెండోది ఫోటో. ఆవిడ కూతురు బండి ఎక్కేముందు అమ్మతో సెల్ఫీ దిగింది. వాట్సాప్‌లో వచ్చినది మసగ్గా ఉంటే, ఫోన్‌లోంచి ఒరిజినల్ తీసుకుని పెద్దది చేసి చూశాం. ముందు మడ్‌గార్డు మీద పసుపు స్టిక్కరు, సగం చిరిగింది, అయినా గీత కొట్టిన ఇద్దరు మనుషుల బొమ్మ, దాని కింద "ప్యాసింజర్‌ని ఎక్కించుకోవద్దు" అన్న ఇంగ్లిష్ హెచ్చరిక చదవగలిగేలా ఉన్నాయి. తయారీదారే వద్దన్న పనిని రిసార్ట్ మనిషే డబ్బు తీసుకుని చేయించాడు! ఆ ఫోన్‌ను ఫార్మాట్ చేయకండి, అమ్మకండి, ఎక్స్‌ఛేంజ్‌లో అస్సలు ఇవ్వకండి అని ఆ పిల్లకు గట్టిగా చెప్పాం. భారతీయ సాక్ష్య అధినియం 2023లో సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డుకు సర్టిఫికెట్ పెట్టాలి, కొత్త నమూనాలో హ్యాష్ వాల్యూ (ఫైలు మారలేదని చూపించే డిజిటల్ వేలిముద్ర లాంటిది) కూడా రాయాలి. వినియోగదారుల కమిషన్లో ఇదంతా అవసరమా అని జూనియర్లు అడుగుతుంటారు. పెట్టేస్తే అవతలివాడికి ఒక అభ్యంతరం తగ్గుతుంది కదా.

సీసీటీవీ, బండి సర్వీస్ రికార్డు, ఆ రోజు రైడ్ల రిజిస్టరు, ఇన్సూరెన్స్ పాలసీ, ఇవన్నీ భద్రంగా ఉంచాలని అదే వారం లీగల్ నోటీసు పంపాం. ఇస్తారని కాదు. నోటీసు అందాక కూడా ఫుటేజీ చెరిగిపోతే, దాని మీద మనం వాదించుకోవచ్చు. చాలా చోట్ల సీసీటీవీ కొన్ని వారాలకే తనమీద తానే రికార్డ్ చేసుకుంటుంది, డిశ్చార్జ్ అయ్యాక చూద్దాంలే అనుకునేలోపే పోతుంది. మరిది మామూలు కస్టమర్‌లా వెళ్లి ట్రాక్ వీడియో తీసుకొచ్చాడు. అప్పటికే ఆ మలుపు దగ్గర మట్టి పోసి చదును చేసి ఉంది. కొత్త మట్టి రంగు వేరేగా కనబడుతోంది, అదీ మాకు పనికొచ్చింది.

పోలీసుల గురించి ఎక్కువ రాయను. "ఆటలో జరిగినదానికి కేసేమిటి" అన్నారు. బీఎన్ఎస్ఎస్ (సీఆర్‌పీసీ బదులు వచ్చిన చట్టం) సెక్షన్ 173(4) ప్రకారం ఎస్పీకి పోస్టులో ఫిర్యాదు పంపాక ఎఫ్ఐఆర్ అయింది, బీఎన్ఎస్ (ఐపీసీ బదులు వచ్చినది) సెక్షన్ 125(బి), నిర్లక్ష్యంతో తీవ్ర గాయం. 2024 జూలై 1 తర్వాతి ఘటన కాబట్టి కొత్త సెక్షన్లు.

అసలు తలనొప్పి ఏ తలుపు తట్టాలన్నది. బండి, బోల్తా, గాయం అనగానే అందరి బుర్రా మోటార్ యాక్సిడెంట్ ట్రిబ్యునల్ వైపు పోతుంది, బెంగళూరులో అయితే స్మాల్ కాజెస్ కోర్టుకు. కానీ మోటారు వాహనాల చట్టం సెక్షన్ 2(28)లో మోటారు వాహనం అంటే రోడ్డు మీద వాడకానికి అనువైనది, ఆవరణలోపల మాత్రమే వాడే ప్రత్యేక రకం బండి ఆ నిర్వచనంలోకి రాదు. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి చేసిన సెక్షన్ 146 కూడా పబ్లిక్ ప్లేస్ గురించే మాట్లాడుతుంది. ఈ ట్రాక్ ఒకచోట పంచాయతీ మట్టిరోడ్డును దాటుతుంది, దాన్ని పట్టుకుని పబ్లిక్ ప్లేస్ అని వాదించొచ్చు, వాదించి గెలవనూ వచ్చు. గెలిచి ఏం చేస్తాం? రిజిస్ట్రేషన్ లేని, మోటారు ఇన్సూరెన్స్ లేని బండి. అవార్డు (పరిహారం ఆర్డర్) ఓనర్ మీద వస్తుంది, వసూలుకు మళ్లీ ఎగ్జిక్యూషన్ కేసు. పైగా 2022 ఏప్రిల్ నుంచి సెక్షన్ 166(3)లో ఆరు నెలల గడువు వచ్చి కూర్చుంది. ఈ గడువు మీద కోర్టుల్లో ఏ వాదన నడిచినా నేను ఆరు నెలలే లెక్కేసుకుంటాను.

అందుకే వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఫిర్యాదుదారు ఉంటున్న చోటే కేసు వేసే వీలుంది, చిక్కబళ్లాపుర దాకా కుంటుకుంటూ తిరగక్కర్లేదు. గడువు రెండేళ్లు. అన్నిటికంటే ముఖ్యం, ఏ స్థాయి కమిషన్ అన్నది మనం అడిగే పరిహారాన్ని బట్టి కాదు, సేవకు కట్టిన డబ్బును బట్టి. కట్టింది 50 లక్షల లోపు అయితే జిల్లా కమిషన్, కట్టింది ఐదు లక్షల లోపు అయితే ఫీజు సున్నా. మేము అడిగింది పాతిక లక్షలు, కట్టిన కోర్టు ఫీజు ఏమీ లేదు. క్లయింటు నమ్మలేదు, ఎక్కడో దాచి చివర్లో అడుగుతారేమో అని నా వంక అనుమానంగా చూసింది.

రిసార్ట్ వెర్షన్‌లో, అంటే కమిషన్‌కి వాళ్లిచ్చిన రాత జవాబులో, మూడు అభ్యంతరాలు. ఒకటి, డబ్బు కట్టింది కంపెనీ, ఈవిడ వినియోగదారు కాదు. చట్టంలో సెక్షన్ 2(7) చూస్తే, డబ్బు కట్టినవారి ఆమోదంతో సేవ పొందినవారూ వినియోగదారులే, ఇది నిలబడే వాదన కాదు. రెండోది కాస్త గట్టిది. ఏటీవీలు మావి కావు, వెండర్‌వి, కావాలంటే ఆ ఆరు వందలు ఎవరి ఖాతాకి పోయాయో చూసుకోండి అన్నారు. చూస్తే నిజమే, క్యూఆర్ కోడ్ ఆ వెండర్ సొంత పేరు మీద ఉంది. ఇలాంటి చోట్ల స్కాన్ చేశాక వచ్చే పేరు ఎవరం చూస్తాం? వెండర్‌ను కూడా ఆపోజిట్ పార్టీగా చేర్చాం. రిసార్ట్ బ్రోచర్‌లో, వెబ్‌సైట్‌లో ఏటీవీ వాళ్ల సొంత యాక్టివిటీగానే ఉంది, కుర్రాడి టీషర్టు మీద రిసార్ట్ లోగో ఉంది, అదీ సెల్ఫీ పుణ్యమే. అతిథికి వెండర్ ఎవరో చెప్పకుండా తన గేటులోపల తన పేరు మీద నడిపించినవాడు, దెబ్బ తగిలాక వేరే మనిషిని చూపించడం కుదరదని మా వాదన. కమిషన్ ఒప్పుకుంది, ఇద్దరినీ కలిపి బాధ్యుల్ని చేసింది.

మూడోది సంతకం. గేటు దగ్గర ట్యాబ్‌లో మరిది తన గ్రూపు మొత్తానికి ఒక్కడే వేలితో గీశాడు. ఆవిడ నాతో అన్నమాట: "నేను పెట్టలేదు సార్, మా మరిది పెట్టాడు. పాపం వాడు అప్పట్నించి నా మొహం చూడట్లేదు." మరిదిని పిలిచి ముందు ఆ టెన్షన్ తీర్చాను, ఎందుకంటే మాకు అతనే ముఖ్య సాక్షి. మేజరైన మనిషి తరఫున వేరొకరు అధికారం లేకుండా పెట్టిన సంతకం ఆ మనిషిని కట్టేయదు. అది పక్కన పెట్టి, ఆవిడే పెట్టిందనుకుందాం. బండి కుదుపులు, దుమ్ము, చిన్న దెబ్బలు, ఈ రైడులో సహజంగా ఉండే రిస్కుకు ఒప్పుకున్నట్టు. ప్యాసింజర్‌ని ఎక్కించొద్దని రాసున్న బండి మీద ఎక్కించి, తడిసిన వాలు మీద తిప్పుతారన్నదానికి ఒప్పుకున్నట్టు ఎలా అవుతుంది? 2019లో తాజ్ మహల్ హోటల్ కేసులో సుప్రీంకోర్టు, కారు పార్కింగ్ ఓనర్ రిస్క్ అని చీటీ మీద రాసుకున్నంత మాత్రాన హోటల్ తన నిర్లక్ష్యం నుంచి తప్పించుకోలేదని చెప్పింది. అది వాలెట్‌కి ఇచ్చిన కారు పోయిన కేసు, మనది కాలు పోయినంత పనైన కేసు, తేడా ఉంది, ఆ తేడా మేమే ముందుగా చెప్పి, సూత్రం మాత్రం తీసుకున్నాం. ఒక జాగ్రత్త: ఆ కాగితాన్ని అన్యాయమైన ఒప్పందంగా ప్రకటించి కొట్టేయండి అని జిల్లా కమిషన్‌ను అడగకూడదు. సెక్షన్ 49(2) కింద ఆ అధికారం రాష్ట్ర కమిషన్‌కే ఉంది. సేవాలోపం ఉందా లేదా తేల్చండి, ఈ కాగితం దానికి అడ్డు కాదు అని అడగాలి. పిటిషన్‌లో ప్రేయర్ (మనం కోరేది) రాసేటప్పుడు ఈ ఒక్క వాక్యం తేడా వస్తే విచారణార్హత మీదే నెలలు పోతాయి.

ఇంత చిక్కున్న విషయం సివిల్ కోర్టు తేల్చాలి తప్ప ఇక్కడ కాదని కూడా వాదించారు. చిక్కుగా ఉన్నంత మాత్రాన వినియోగదారుణ్ని బయటికి పంపకూడదని 2002లోనే జె.జె. మర్చంట్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే 2023లో సిటీ యూనియన్ బ్యాంక్ కేసులో, వాస్తవాల మీద తీవ్ర వివాదం ఉంటే కమిషన్ తేల్చలేదనీ చెప్పింది. అందుకే వాస్తవాలు వివాదానికే అందనంత గట్టిగా కాగితాలతో కట్టాలి. ఎంఎల్‌సీ గడీ సెల్ఫీ లేకపోతే మేమూ సివిల్ కోర్టు మెట్ల దగ్గరే ఉండేవాళ్లం.

ఇన్సూరెన్స్ పాలసీ వాళ్లంతట వాళ్లు చూపించలేదు. సెక్షన్ 38(9) కింద కమిషన్‌కి సివిల్ కోర్టులా పత్రాలు తెప్పించే అధికారం ఉంది, ఐఏ (మధ్యంతర దరఖాస్తు) వేస్తే పబ్లిక్ లయబిలిటీ పాలసీ బయటికొచ్చింది, బీమా కంపెనీనీ చేర్చాం. జేబులో డబ్బున్నవాడు కేసులోకి రావడం అంటే అదే.

ఇక ఆదాయం. ఆవిడకు ఐటీ రిటర్నులు లేవు. కర్రీ పాయింటు వాళ్లకి, టిఫిన్ బండ్ల వాళ్లకి ఉండవు కూడా. ఇలాంటప్పుడు చాలామంది నోషనల్ ఇన్‌కమ్‌తో (అంచనాగా వేసే ఆదాయంతో) సరిపెట్టుకుంటారు. మేము షాపు అద్దె అగ్రిమెంటు, ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్, కమర్షియల్ సిలిండర్ బిల్లులు, యూపీఐ స్టేట్‌మెంట్లు పెట్టాం. స్టేట్‌మెంటులో మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా, రాత్రి ఏడు నుంచి పది దాకా వరసగా నలభై, అరవై, ఎనభై రూపాయల క్రెడిట్లు, ఆదివారం ఎక్కువ. యాక్సిడెంట్ తర్వాత మూడు నెలలు ఖాళీ. ఆ తర్వాత మళ్లీ మొదలయ్యాయి కానీ రాత్రి పూటవి లేవు. ఎందుకంటే రెండు పూటలూ పొయ్యి దగ్గర నిలబడలేకపోయింది. ఆ కాగితం ఆవిడ అఫిడవిట్ కంటే బాగా మాట్లాడింది. సిలిండర్లు, కూరగాయలు, అద్దె తీసేసి నెలకు ఇరవై వేలు కమిషన్ ఒప్పుకుంది.

డాక్టరు కుడికాలు వైకల్యం 36 శాతం అన్నాడు. మన దగ్గర అలవాటుగా దాన్లో మూడో వంతు మాత్రమే లెక్కేసి ఒంటి మొత్తానికి 12 శాతం అంటారు. అక్కడ ఆగిపోతే నష్టం. 2010లో రాజ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందేమిటంటే, ఒంటికి ఎంత శాతం లోపం వచ్చిందన్నది వేరు, ఆ మనిషి చేసే పనికి ఎంత దెబ్బ తగిలిందన్నది వేరు. కుర్చీలో కూర్చుని లెక్కలు రాసేవాడికి ఇదే మోకాలుతో ఐదు శాతం కూడా తగ్గకపోవచ్చు. ముప్ఫై లీటర్ల గిన్నె దించే ఆవిడకు? మేము 25 అడిగాం, కమిషన్ 20 తీసుకుంది. స్వయం ఉపాధి, నలభై లోపు వయసు కాబట్టి సుప్రీంకోర్టు ప్రణయ్ సేఠీ తీర్పు ప్రకారం భవిష్యత్ పెరుగుదలకు 40 శాతం కలిపితే ఇరవై వేలు ఇరవై ఎనిమిది వేలవుతుంది, గాయాల కేసుల్లోనూ అలా కలపాలని 2020లో పప్పు దేవ్ యాదవ్ కేసు. ఏడాదికి 3,36,000. దాన్ని వయసును బట్టి ఉండే మల్టిప్లయర్‌తో హెచ్చించాలి, ముప్ఫై నాలుగేళ్లకు సుప్రీంకోర్టు సరళా వర్మ తీర్పులోని పట్టికలో అది 16. పన్నెండు శాతమే అయితే 6,45,120, ఇరవై శాతంతో 10,75,200. తేడా నాలుగు లక్షల పైమాటే, అదంతా ఆవిడ రోజంతా ఏం చేస్తుందో ఓపిగ్గా రాసిన రెండు పేజీల వల్ల. కమిషన్ ఈ మల్టిప్లయర్ లెక్కకి కట్టుబడక్కర్లేదు, కునాల్ సాహా కేసులో ఆ మాట ఉంది, కానీ ఏ లెక్కా ఇవ్వకపోతే ఒక గుండ్రటి అంకె వేసి పంపేస్తారు.

మధ్యలో ఇంకోటి జరిగింది. భర్త కంపెనీ వైపు హెల్త్ పాలసీ వాళ్లు అడ్వెంచర్ స్పోర్ట్ అని క్యాష్‌లెస్ తిరస్కరించారు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ స్టాండర్డ్ మినహాయింపుల్లో తొమ్మిదోది (ఎక్స్‌క్లూజన్ కోడ్ 09) సరిగ్గా చదివితే, ప్రొఫెషనల్‌గా పాల్గొన్నవారికే అది వర్తిస్తుంది. సెలవురోజు రిసార్ట్‌లో వెనక సీట్లో కూర్చున్న కర్రీ పాయింటు ఓనరు ఏ కోణంలో ప్రొఫెషనల్? పాలసీలో ఉన్నది కూడా అదే వాక్యమని చూసుకుని, ఆ క్లాజ్ ఎత్తి రాసి, జవాబు రాకపోతే బీమా ఫిర్యాదులు తేల్చే ఓంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్తామని ఒక గ్రీవెన్స్ లెటర్ పెడితే రీయింబర్స్ చేశారు. ఇది లాయరు లేకుండా ఎవరైనా చేసుకోగల పని.

ఆర్డర్ వచ్చాక రిసార్ట్, బీమా కంపెనీ రాష్ట్ర కమిషన్‌కి అప్పీలుకు వెళ్లాయి. అప్పీలు కావాలంటే ఆర్డర్ మొత్తంలో సగం ముందే డిపాజిట్ చేయాలి, ఆ సగం కట్టాక రాజీ మాటలు వాటంతటవే మొదలయ్యాయి. ఆవిడకు మా సలహా, మొత్తం కాస్త తగ్గినా ఒప్పుకోమని, కానీ మూడు షరతులతో: డబ్బు డీడీ రూపంలో కమిషన్ ముందే చేతికి రావాలి, ప్లేటు తీయించే ఆపరేషన్ ఖర్చు విడిగా రాయాలి, క్రిమినల్ కేసు వెనక్కి తీసుకుంటానన్న మాట రాజీ పత్రంలో ఉండకూడదు. మూడోదాని మీద వాళ్ల లాయరు చాలాసేపు లాగాడు. చివరికి ఆ పేరా కొట్టేసి సంతకాలు పెట్టారు, ఈసారి ఆవిడే స్వయంగా, ప్రతి పేజీ కన్నడ, తెలుగు రెండిట్లో చదివించుకుని మరీ. క్రిమినల్ కేసు అక్కడి మేజిస్ట్రేట్ కోర్టులో ఛార్జిషీటు దశలో ఉంది, మరిది సాక్షి.